కిరాయి బోర్డు మూతైన రోజు

నేను చెప్పే బిజినెస్ లా క్లాసులో ఏజెన్సీ పాఠం రాగానే నాకు మా అత్తమ్మ గుర్తొస్తుంది. ఒకరి తరఫున ఇంకొకరు మాట ఇచ్చే హక్కు ఎలా పుడుతుందన్నదే ఆ పాఠం. కాగితం రాసిస్తే పుడుతుంది, నోటితో చెప్పినా పుడుతుంది. ఏ హక్కూ లేకుండా ఇచ్చేసిన మాటను అసలు మనిషి తర్వాత ఒప్పుకున్నా పుడుతుంది. అప్పుడు ఆ హక్కు మొదటి నుంచీ ఉన్నట్టే లెక్క. ఈ మూడోది పిల్లలకు ఓ పట్టాన ఎక్కదు. పుస్తకంలో చదివినప్పుడు నాకూ ఎక్కలేదు.

పెళ్లయి సాతంరాయికి వచ్చి అప్పటికి మూడు నెలలు. ఇంటి వెనక రెండు గదులు అత్తమ్మవి. ఎయిర్‌పోర్టులో పనిచేసేవాళ్లకు కిరాయికి ఇచ్చేది. ఒకటి ఖాళీ అయితే గేటుకు రేకు బోర్డు కట్టింది. ఫ్యామిలీకి తప్ప ఇవ్వనని ఆమె పట్టు. ఆ వ్యవహారంలో నాకు నోరే లేదు. పప్పులో ఉప్పు కూడా ఆమెను అడిగే వేసేదాన్ని.

ఒకరోజు ఆమె బీపీ చూపించుకోవడానికి శంషాబాద్ దవాఖానకు పోయింది. గేటు దగ్గరకు ఒకామె వచ్చింది. పాతబస్తీ మనిషి, ఎయిర్‌పోర్టులో క్లీనింగ్ పని, ఒంటరిది.

“అక్కా, షిఫ్ట్ డ్యూటీ అంటే ఎవ్వరు ఇస్తలేరు. జర మీరన్న చూడుండ్రి.”

ఆమె చెప్పులు దుమ్ముకొట్టుకుపోయి ఉన్నాయి.

“పొద్దుమీకి సామాను తెచ్చుకో. గేటు తాళంచెవి గూడ ఇస్త, ఎప్పుడన్న రావచ్చు,” అనేశాను. అక్కడితో ఆగానా? బోర్డు కూడా విప్పేశాను.

కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేమన్న సంగతి ఆమె వెళ్లాక గాని గుర్తు రాలేదు. అత్తమ్మ కాదంటే ఆమె సామానుతో రోడ్డు మీద నిలబడాలి. ఈ ఇంట్లో నా మాట చెల్లదని వాడకట్టంతా తెలిసిపోతుంది. నిజం చెప్పాలంటే నేను ఎక్కువ భయపడింది ఈ రెండోదానికే.

అత్తమ్మ వచ్చి గేటు వైపు చూసింది, తర్వాత నా వైపు.

“ఏమేం జెప్పినవ్?”

అంతా చెప్పాను. ఒంటరిదని, షిఫ్టులని, తాళంచెవి ఇస్తానన్నానని. ఒప్పుకునేవాళ్లకు అన్నీ తెలిసుండాలి, ఒప్పుకుంటే మొత్తం ఒప్పుకోవాలి అంటుంది చట్టం. ఆమె అది చదవలేదు, అయినా సరిగ్గా అదే అడిగింది.

ఆమె బోర్డు చేతిలోకి తీసుకుంది. మళ్లీ గేటుకు కడుతుందనుకున్నాను. దాన్ని తీసుకెళ్లి, మూత లేని నీళ్ల డ్రమ్ము మీద పెట్టింది.

సాయంత్రం ట్రంకుపెట్టెతో వచ్చిన మనిషి అత్తమ్మను చూసి తడబడింది. “అమ్మా, మీకు ఇష్టమేనా?”

“మా కోడలు జెప్పినంక మళ్ల నన్నడుగుడేంది?”

గేటుకు ఉన్నవి రెండే తాళంచెవులు. నాది ఇవ్వబోయాను. అత్తమ్మ నా చెయ్యి ఆపి, కొంగు ముడి విప్పి తనది ఇచ్చేసింది.

“నీది నీ కాడనే ఉండనీ.”

నాకు ఏడుపొచ్చింది. వంటింట్లోకి పోయి ఏడ్చాను కూడా.

మర్నాడు అత్తమ్మ కూరగాయలు తీసుకుని వచ్చింది. గేటుకు తాళం వేసి ఉంది. తన ఇంటి ముందు తనే నిలబడి, “బిడ్డా, జర గేటు తియ్యి,” అని నన్ను పిలిచింది.