ఒక్క కార్డుతో నడిచిన ఆసుపత్రి

దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా ప్రతి స్తంభానికీ ప్రత్యేక రాష్ట్రం కావాలన్న బ్యానర్లు వేలాడుతున్న రోజుల్లో, మా ఆసుపత్రి మేనేజరుగారికి మాత్రం అన్నీ ఒకటైపోవాలనిపించింది. ఒకే కార్డు, ఒకే లాగిన్. అప్పటిదాకా వార్డులోనూ ల్యాబులోనూ మందుల కౌంటర్లోనూ అందరూ పాస్‌వర్డులు మర్చిపోతూ, మానిటర్లకి చీటీలు అంటించుకునేవాళ్లు. ఇకమీదట ఏ కంప్యూటర్ దగ్గరికెళ్లినా పక్కనున్న రీడర్లో కార్డు దూర్చితే చాలు, ఎవరి పనులు వాళ్లకి తెరుచుకుంటాయి. ఆసుపత్రి కంప్యూటర్లు చూసుకునేది నేనే, ఆ ఏర్పాటు చేసిందీ నేనే. పాస్‌వర్డులు పూర్తిగా పీకెయ్యమన్నారు. అవసరానికి ఒకటి ఉంచుదాం సార్ అంటే, "నమ్మకం ఉండాలయ్యా" అన్నారు. ఆయనది కోస్తా, వనస్థలిపురంలో సొంతిల్లు. నమ్మకానికి లోటులేని మనిషి.

కార్డులొచ్చిన వారానికే ఆయుధ పూజ. అంబులెన్సుకీ జనరేటరుకీ ఎక్స్‌రే మిషనుకీ బొట్లు పెట్టారు. మరి కార్డులేం పాపం చేశాయని మేనేజరుగారు అందరివీ పళ్లెంలో పెట్టించారు. కార్డు మీద బంగారు రంగు చిప్పు బొట్టు కోసమే పెట్టినట్టుంటుంది. గంధం, పసుపు, కుంకుమ అన్నీ దానిమీదే పడ్డాయి. మర్నాటికి ఎండి కరుచుకుపోయాయి. ఒకరు గోటితో గీకారు, ఇంకొకరు బ్లేడుతో. మేనేజరుగారు ఇంటి దగ్గర గిన్నెలు తోమే పీచుతో రుద్దించుకొచ్చారు. కార్డులన్నీ చచ్చి ఊరుకున్నాయి. కొత్తవి తేవాల్సిన కొరియర్ ప్రత్యేక రాష్ట్రం సమ్మెలో ఎక్కడో ఆగిపోయింది.

పళ్లెంలో పడనిది వార్డు నర్సు ఒకామె కార్డే. ఆమె క్రైస్తవురాలు, తెలంగాణ పల్లె నుంచి వచ్చి మీర్‌పేట్‌లో కిరాయికి ఉండేది. పండగ డ్యూటీ ఆమె నెత్తినే వేశారు కాబట్టి ఆమె కార్డు వార్డు కంప్యూటర్లోనే ఉండిపోయింది. ఏళ్లుగా టెంపరరీ. ఈ పండగ వెళ్లగానే పర్మనెంట్ చేస్తామన్నారు. ఆ ఆశతోనే బస్సుల్లేని రోజుల్లో కూడా నడిచొచ్చి డ్యూటీ చేసింది.

"ఆ కార్డుకే అన్ని పర్మిషన్లూ ఇచ్చెయ్" అని మేనేజరుగారు నాకు ఆర్డరేశారు. సర్వర్ గదిలో కూర్చుని ఇచ్చాను. ఆ రోజంతా ఆ కార్డు అంతస్తులెక్కి దిగింది. కంప్యూటర్ లెక్కలో మందు రాసింది ఆమే, అమ్మింది ఆమే, రక్తపరీక్ష చేసింది ఆమే. గుండె డాక్టరుగారికి సెలవు మంజూరు చేసింది కూడా ఆమే.

"గింత పని చేసిన్నంటే మా ఇంట్ల ఎవ్వరు నమ్మరు సార్" అని పకపకా నవ్వింది.

సాయంత్రం మేనేజరుగారు అదే కార్డుతో పర్మనెంట్ ఆర్డర్లకి ఆమోదం నొక్కారు. ముందు సొంత బావమరిదిది, తర్వాత మిగతావాళ్లవి. ఆమె ఫైలు దగ్గరికొచ్చేసరికి తెరమీద ఎర్రటి అక్షరాలు వచ్చాయి. ఎవరి ఫైలు వాళ్లే ఆమోదించుకోకూడదట. ఆ నిబంధన ఆయన పట్టుబట్టి పెట్టించిందే. "రేపు చూద్దాంలే" అని లేచి వెళ్లిపోయారు.

కొత్త కార్డులొచ్చాయి. ఈలోగా పై ఆఫీసువాళ్లు రికార్డు చూసి, తన ఫైలు తానే పాస్ చేసుకోబోయిన ఈ నర్సెవరని అడిగారు. మేనేజరుగారు ఏమాత్రం తడుముకోకుండా ఆమెకి మెమో ఇచ్చారు, కార్డు ఇతరుల చేతికిచ్చిన నేరానికి. ఆ ఇతరుల్లో మొదటి చెయ్యి ఆయనదే.

ఆమె మెమో పట్టుకుని ఆయన గదిలోకొచ్చింది. నేనక్కడే రీడరు బిగిస్తున్నాను.

"అందర్ని నేనే పర్మనెంట్ చేసిన్నంట గదా సార్. మరి నన్నెవరు చేస్తరు?" ఈసారి నవ్వలేదు.

"నేనేం చెయ్యనమ్మా, సిస్టమ్ ఒప్పుకోవట్లేదు."

నాకు ఒళ్లు మండిపోయింది. "ఇప్పుడు ఒప్పుకుంటుంది సార్. మీ కొత్త కార్డు పెట్టి నొక్కండి, అయిపోతుంది" అన్నాను.

ఆమె ఆయన మెడలో వేలాడుతున్న కార్డు వైపే చూస్తోంది. ఆయన దాన్ని మెల్లగా తీసి, చొక్కా జేబులో వేసుకుని, గుండీ పెట్టుకున్నారు.