గౌరికి ఏమీ రాదని రాశాను

1999 వేసవి. విశాఖలో మల్కాపురం దగ్గర ఒక అద్దె ఇంట్లో నడిచే చిన్న పాఠశాలలో నేను స్పెషల్ ఎడ్యుకేటర్‌ని. బుద్ధి ఎదుగుదల తక్కువగా ఉన్న పిల్లలకు, మాట రాని పిల్లలకు అక్షరాలకన్నా ముందు అన్నం తినడం, గుండీలు పెట్టుకోవడం, బాత్రూమ్‌కి వెళ్ళాలని తెలియజెప్పడం నేర్పే ఉద్యోగం అది. పెందుర్తి నుంచి రెండు బస్సులు మారి వచ్చేదాన్ని. రాగానే మొదటి పని కిటికీల మీద పేరుకున్న పోర్టు దుమ్ము తుడవడం. ఆయా వచ్చేదాకా ఆగేదాన్ని కాదు, ఎందుకంటే మా పిల్లల్లో ఇద్దరికి కనబడినదల్లా నాలుకతో నాకే అలవాటు ఉండేది.

మా దగ్గరకు వచ్చేవాళ్ళలో సగం మంది నేవీ సెయిలర్ల పిల్లలు. మామూలు బడిలో టీచరు పిల్లల కాలాన్ని తరగతుల్లో లెక్కపెడుతుంది, మేము తండ్రుల పోస్టింగుల్లో లెక్కపెట్టేవాళ్ళం. ఒక పిల్ల మన చెయ్యి పట్టుకోవడానికి ఏడాది, ఒక పని నేర్చుకోవడానికి ఇంకో ఏడాది, అది అలవాటుగా మారడానికి మరో ఏడాది. సరిగ్గా అప్పుడు తండ్రికి బదిలీ ఆర్డరు వచ్చేది. ఈ పనికి ఓపిక కావాలంటారు అందరూ. నాకు ఓపిక ఉన్నమాట నిజమే గాని, కోపం అంతకన్నా ఎక్కువ. ఆ కోపమంతా బదిలీ ఆర్డర్ల మీద ఉండేది.

గౌరి నాలుగేళ్ళప్పుడు వచ్చింది. తండ్రి పైడిరాజు, తల్లి నూకరత్నం. ఇద్దరిదీ పద్మనాభం వైపు వ్యవసాయ కుటుంబం. గౌరికి మాట లేదు. డాక్టర్ల కాగితాల్లో మెంటల్ రిటార్డేషన్ అని ఉండేది, ఆ రోజుల్లో ఆ మాటే వాడేవారు. మూడేళ్ళు తిప్పలు పడితే రెండు పనులు బాగా వచ్చాయి. బాత్రూమ్‌కి వెళ్ళాలంటే గౌను అంచు పట్టుకుని లాగేది. భోజనాల వేళ ఇంట్లో ఎంతమంది ఉంటే అన్ని కంచాలు తెచ్చి నేల మీద పెట్టేది. మొదటిది నేర్పడానికి నాకు దాదాపు ఏడాది పట్టింది. రెండోది ఎవరూ నేర్పలేదు, తనే చూసి నేర్చుకుంది.

ఆ వేసవిలో, గౌరికి ఏడేళ్ళు నిండేసరికి, పైడిరాజుకి పడమటి తీరానికి బదిలీ అయింది. కుటుంబ కష్టం చూపించి అదే ఊళ్ళో ఉంచమని అర్జీ పెట్టుకునే వీలుంది, దాన్ని కంపాషనేట్ గ్రౌండ్స్ అంటారు. దానికి స్కూలు నుంచి ఒక ఉత్తరం జతచెయ్యాలి. పైడిరాజు తెల్ల యూనిఫాంలోనే వచ్చి, కుర్చీ చూపించినా కూర్చోకుండా నిలబడ్డాడు.

"మేడమ్, కాస్త గట్టిగా రాయండి. పిల్ల బాగానే ఉన్నాదంటే ఆళ్ళు నన్నెందుకు ఆపుతారండి?"

"నాకు తెలుసులే పైడిరాజూ. నేను చూసుకుంటాను" అన్నాను.

మా వృత్తిలో అదొక ఆనవాయితీ. సర్టిఫికెట్టు కోసం ఆసుపత్రికి వెళ్ళే తల్లులకు మేమే చెప్పేవాళ్ళం, ఈ రోజు పిల్లకి తల దువ్వకండి, మంచి గౌను వెయ్యకండి అని. పిల్ల ముచ్చటగా కనబడితే వైకల్యం శాతం తగ్గించి రాస్తారని భయం. పెన్షనో, రైలు రాయితీయో దక్కాలంటే బిడ్డను ఉన్నదానికన్నా ఒక మెట్టు దించి చూపించాలి. ఎవరూ దాన్ని తప్పు అనుకునేవారు కాదు, నేనూ అనుకోలేదు.

పైగా నా ఇంగ్లీషు మీద నాకు కాస్త గర్వం. ఒక ఆదివారం కూర్చుని ఆ ఉత్తరం రాశాను. తన అవసరాలు చెప్పుకోవడం రాదు. దినచర్య అంతటికీ ఇంకొకరి సాయం కావాలి. సంఖ్యా జ్ఞానం లేదు. కొత్తచోట ఎవరినీ దగ్గరకు రానివ్వదు, ప్రవర్తనలో సమస్యలు ఉన్నాయి. లెటర్‌హెడ్ మీద టైపు చేయించి, సంతకం పెట్టి, గుండ్రటి సీలు కొట్టి ఇచ్చాను. చదివితే రాళ్ళయినా కరగాలి అనుకున్నాను.

అర్జీ తిరిగివచ్చింది. ఆఫీసుకు ఆఫీసు అవసరాలుంటాయి, అందులో ఎవరినీ అనడానికి లేదు. జూన్‌లో వాళ్ళు వెళ్ళిపోయారు. వెళ్ళే రోజు గౌరికి రెండు గౌన్లు కొనిచ్చాను. కానీ మూడేళ్ళపాటు తెలుగులో నేను రోజూ రాసుకున్న నోటు పుస్తకం, ఏ సైగకు ఏ అర్థమో ఉన్న ఆ ఒక్క పుస్తకం, స్కూలు రికార్డు కాబట్టి బీరువాలోనే ఉండిపోయింది. ఇమ్మని వాళ్ళు అడగలేదు. ఇవ్వాలని నాకు తోచలేదు.

రెండేళ్ళు దాటాక పైడిరాజుకి మళ్ళీ విశాఖ పోస్టింగు వచ్చింది. నూకరత్నం గౌరిని తీసుకుని మా గుమ్మంలోకి వచ్చిన రోజు నాకు బాగా గుర్తు. పిల్ల పొడుగైంది. నన్ను చూసి నవ్వలేదు, సరే, మరిచిపోయి ఉంటుంది అనుకున్నాను. బెంచీ మీద కూర్చోబెడితే అలాగే కూర్చుంది. గంట గడిచింది, లేవలేదు, గౌను లాగలేదు. తొమ్మిదేళ్ళ పిల్లకి లోపల, పసిపాపకి కట్టినట్టు గుడ్డ కట్టి ఉంది.

"ఇదేంటి నూకరత్నం?" అన్నాను. నా గొంతులో కోపం ఆమెకు వినిపించే ఉంటుంది.

"అక్కడ బళ్ళో కట్టేరండి. మొదట్లో లాగేది. ఎవులూ సూసేవోళ్ళు కాదు. కొన్నాళ్ళకి లాగడం మానేసినాది."

"నువ్వు చెప్పలేదా వాళ్ళకి?"

"సెప్పినానండి. నా తెలుగు ఆళ్ళకి అర్థం కాదు, ఆళ్ళ మాట నాకు తెల్దు. ఆయన సూస్తే షిప్పు మీద ఉన్నారు. ఆ టీచరమ్మ మంచిదేనండి. కాయితం తీసి సూపించి, ఇందులో ఇలగే ఉన్నాదని సైగ సేసినాది."

"ఏ కాగితం?"

ఆమె సంచిలోంచి ప్లాస్టిక్ కవరు తీసింది. లోపల నా లెటర్‌హెడ్, నా సంతకం, నా గుండ్రటి సీలు. కొత్త స్కూల్లో పాత స్కూలు కాగితాలు అడిగితే, పైడిరాజు తన దగ్గరున్న వాటిలో అన్నిటికన్నా గట్టి కాగితం, అర్జీతోపాటు తిరిగివచ్చిన ఈ ఉత్తరం, తీసి ఇచ్చాడు. సీలున్న కాగితానికి ఉన్న విలువ నౌకాదళంలో పనిచేసేవాడికి ఒకరు చెప్పాలా! అర్జీకోసం రాసిన ఉత్తరం పిల్లకు జాతకమై కూర్చుంది. ఆ టీచరు తప్పేమీ లేదు. అలాంటి ఉత్తరం నా చేతికి వచ్చినా నేను మొదట గుడ్డే కట్టి ఉండేదాన్ని.

"ఇందులో ఏటి రాసేరు మేడమ్? ఇన్నాళ్ళూ మోసుకు తిరిగినాను గాని నాకు తెల్దు. తెలుగులో సెప్పండి" అంది నూకరత్నం.

తప్పించుకోవడానికి దారి లేదు. ఒక్కొక్క వాక్యం చదివి తెలుగులో చెప్పడం మొదలుపెట్టాను.

"తన అవసరాలు చెప్పుకోవడం రాదు అని రాశాను."

"గౌను లాగేది గదండీ?"

"నోటితో చెప్పుకోవడం రాదు అని నా ఉద్దేశం. తర్వాత, సంఖ్యా జ్ఞానం లేదు, అంటే లెక్క తెలియదు అని."

"కంచాలు లెక్కగానే పెట్టేది గదండీ?"

నేను తర్వాతి వాక్యానికి వెళ్ళాను. అందులో పచ్చి అబద్ధం ఒక్కటీ లేదు, ప్రతి వాక్యాన్నీ ఎవరు అడిగినా సమర్థించుకోగలను. చివరి వరకూ చదివాను. నూకరత్నం అరవలేదు, ఏడవలేదు. గౌరి వైపు చూసి, నిజంగా తెలియకే అడుగుతున్నట్టు అడిగింది.

"ఇదెవుల పిల్ల గురించండీ?"

నాకు సిగ్గేసింది. పదిహేనేళ్ళ సర్వీసులో అంత సిగ్గు ఎప్పుడూ పడలేదు. ఆ పూట ఇంకో పిల్లకి పాఠం చెప్పలేక పెరట్లో పంపు దగ్గరకు వెళ్ళి నిలబడ్డాను.

మళ్ళీ మొదలుపెట్టాం. గౌను లాగడం తిరిగి రావడానికి ఎనిమిది నెలలు పట్టింది. కంచాలు పెట్టడం మాత్రం రాలేదు. నూకరత్నం రోజూ కంచాలు గౌరి ముందు పెట్టి ఎదురుచూసేది. కొన్నాళ్ళకు ఆమె కూడా మానేసింది.

2004లో మళ్ళీ బదిలీ, ఈసారి దక్షిణాన మలయాళం మాట్లాడే రేవుకి. పైడిరాజు మళ్ళీ వచ్చాడు. అప్పటికి అతను ప్రమోషన్ వచ్చి పెట్టీ ఆఫీసరు, కణతల దగ్గర జుట్టు నెరిసింది.

"ఇంకోసారి అర్జీ పెడతానండి. ఈసారి ఇంకా గట్టిగా రాస్తే..." అన్నాడు.

నూకరత్నం అతని మాట పూర్తికానివ్వలేదు. "వద్దు. దాన్ని మళ్ళీ తగ్గించి రాయొద్దు. ఉంచితే ఉంటాం, ఎల్లమంటే ఎల్తాం. మేడమ్, అది ఏటి సెయ్యగలదో అదే రాయండి."

రాశాను. ఏం వచ్చో, ఎలా వచ్చో, ఊరు మారితే ఎన్ని నెలల పని పోతుందో, ఉన్నదున్నట్టు రెండు పేజీలు. రాసి, సంతకం పెట్టకముందే నూకరత్నాన్ని కూర్చోబెట్టి తెలుగులో చదివి వినిపించాను. ఆమె వింటూ నన్ను దిద్దింది. "కుడిచేత్తో కాదండి, ఎడం చేత్తో లాగుతాది" అంది. ఎన్నేళ్ళు చూశాను, ఏ చెయ్యో చూడలేదు.

ప్రవర్తనలో సమస్యలు అనే దగ్గరకు వచ్చేసరికి చెయ్యెత్తి ఆపింది.

"అదేటండి?"

"అప్పుడప్పుడూ కారణం లేకుండా మూలకెళ్ళి కూర్చుంటుంది, ఎవరు ముట్టుకున్నా కొడుతుంది కదా, అది."

"కారణం లేకేటండి? ఆయన షిప్పు ఎల్లిపోయినప్పుడే అలగ సేస్తాది. మూడ్రోజులు ఎవుల దగ్గిరికీ రాదు. నాలుగో రోజు తనే వస్తాది. ఆ మూడ్రోజులూ దాన్ని వదిలీమని రాయండి."

బీరువాలోంచి నోటు పుస్తకాలు తీసి తేదీలు చూపించాను. ఆమె వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటూ, ఇది ఫలానా సెయిలింగు, ఇది సముద్రంలో ఫలానా నేవీ ఎక్సర్‌సైజు అని చెబుతూ పోయింది. దాదాపు అన్నీ కలిశాయి. ఆ రోజుల్లో నేను గౌరిని మూలనుంచి చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి బెంచీ మీద కూర్చోబెట్టేదాన్ని. కొడితే ఆ రోజు పేజీలో ఎర్ర సిరాతో రాసేదాన్ని.

ఈసారీ అర్జీ తిరిగివచ్చింది. వాళ్ళు వెళ్ళారు. ఆ రెండు పేజీలతోపాటు నోటు పుస్తకాల జిరాక్సులు కూడా కట్టి ఇచ్చాను.

రెండో నెలలో అక్కడి టీచరు నాకు ఫోన్ చేసింది. మా ఇద్దరి ఇంగ్లీషూ తడుముకుంటూ సాగింది. "నిన్నటి నుంచి గౌరి ఎవరినీ దగ్గరకు రానివ్వడం లేదు. మీ కాగితంలో మూడు రోజులని ఉంది. తండ్రి షిప్పు నిన్ననే బయల్దేరిందట. అలాగే వదిలెయ్యమంటారా?" అని అడిగింది. వదిలెయ్యండి అన్నాను.

నాలుగో రోజు నూకరత్నం ఫోన్ చేసింది. "వచ్చినాదండి. తనే వచ్చి టీచరమ్మ పక్కన కూకున్నాదట" అంది.

ఆ తర్వాత తల్లికి ఆమె భాషలో చదివి వినిపించకుండా ఏ కాగితం మీదా సంతకం పెట్టలేదు. పిల్లను తక్కువ చేసి రాస్తే జాలి దొరుకుతుందేమో గాని, ఆ కాగితం అక్కడితో ఆగదు, పిల్ల వెంట నడుస్తుంది. ఇది నేను నేర్చుకోవడానికి గౌరికి రెండేళ్ళు ఖర్చయ్యాయి, నాకు కాదు. ఆ రెండేళ్ళూ నావల్లే పోయాయని ఒకసారి ఫోన్‌లో నూకరత్నంతో అన్నాను. ఆమె కాదనలేదు.