ఖాళీ రోడ్డు మీద ఇండికేటర్

నేను చదివింది మా ఊరి బడిలో అయిదో తరగతి వరకే. అయినా మా కొండదారిలో నూట పద్దెనిమిది మలుపులున్నాయని మొదట చెప్పింది నేనే. రోడ్ల ఆఫీసువాళ్ళు నూట పదహారన్నారు, తర్వాత నోరు మూసుకుని బోర్డు మార్చుకున్నారు. ముప్ఫై ఒక్క ఏళ్ళు జీపు నడిపాను. బండికి గీత పడలేదు. పరదేశాల నుంచి వచ్చిన అతిథుల్లో ఒక్కరికీ చెయ్యి గీరుకోలేదు. ఇవన్నీ ఎవరైనా అడిగితే చెబుతాను, అడక్కపోయినా చెబుతాను. కానీ ఇప్పుడు రాసేది మా బావ గురించి.

బావంటే మా అక్క మొగుడు. మొదట్లో సర్వేవాళ్ళ దగ్గర గొలుసు పట్టేవాడు. కొండలు కొలుస్తూ తిరిగి తిరిగి, ఏ లోయలో ఏ పిట్ట కూస్తుందో ఒంటబట్టించుకున్నాడు. ఒకసారి మెడలో దుర్భిణీ వేసుకున్న పరదేశి ఒకాయన దారి తప్పి వస్తే, ఒక్క పూటలో పదకొండు రకాల పిట్టల్ని చూపించాడు. ఆ ఏడాదే గొలుసు వదిలేశాడు. ఆ తర్వాత అదే మా బతుకు. ఒక అతిథి, మహా అయితే ఒక జంట. స్టీరింగ్ దగ్గర నేను, పక్కన బావ, పది పన్నెండు రోజులు కొండలు. గుంపుల్ని మాత్రం ఒప్పుకునేవాడు కాదు. "ఇరవైమంది దిగితే పిట్ట కాదురా, కొండే లేచిపోతుంది" అనేవాడు.

ఆయన గొప్పతనమంతా చెవుల్లో ఉండేది. చలికాలంలో కూడా అద్దాలు ఎత్తనిచ్చేవాడు కాదు. ఇంజన్ మోతలోంచి "ఆపు" అనేవాడు. ఆపితే, ఎక్కడో పొదలో చీమంత కూత. నేనూ పక్కన కూర్చుని వినీ వినీ, ఇరవై ఏళ్ళలో అన్నీ నేర్చుకున్నాను. ఆ సంగతి ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. చెప్పకుండా ఉన్నది ఇదొక్కటే.

ఒకరోజు అక్క నన్ను వంటింట్లోకి పిలిచింది.

"ఒరేయ్, మీ బావకి కుక్కర్ విజిల్ వినబడట్లేదురా. నిన్న ఏడొచ్చాయి. పక్కనే కూర్చుని గోళ్ళు తీసుకుంటున్నాడు."

"పరధ్యానం అయ్యుంటుందిలే అక్కా."

"నా మాట వినకపోవడం అలవాటే. పెళ్ళయినప్పట్నుంచీ చూస్తున్నా. కుక్కర్ మాట వినకపోవడం మాత్రం కొత్త."

సాయంత్రం షెడ్డులో జీపు కడుగుతూ అడిగాను. బావ బక్కెట్టు బోర్లించి దానిమీద కూర్చున్నాడు.

"సన్నగొంతువి పోయాయిరా. కాకి వినబడుతుంది, గద్ద వినబడుతుంది. చిన్నపిట్ట నోరు తెరవడం కనబడుతుంది, చప్పుడుండదు. వయసు అన్నాడు డాక్టరు. బయటికి పొక్కిందో, నన్నెవడు పిలుస్తాడు? నాకు వేరే పని రాదు."

"నాకున్నాయిగా రెండు చెవులు."

"నీకా? పాటకీ హారన్‌కీ తేడా తెలీని మొహం."

వెనక కొమ్మ మీద కూస్తున్నదాని పేరు చెప్పాను. ఆయన తిరిగి చూసుకుని, నమ్మలేక నా మొహం కేసి చాలాసేపు చూశాడు.

ఉపాయం నాదే. పిట్ట ఎడమవైపు కూస్తే ఎడమ ఇండికేటర్, కుడివైపయితే కుడిది. బావ డాష్‌బోర్డు మీద బాణం గుర్తు చూసి "ఆపు" అనేవాడు. నడకలో అయితే ఎడమకి ఒక దగ్గు, కుడికి రెండు. రెండేళ్ళు ఎవరికీ అనుమానం రాలేదు.

అప్పుడొచ్చింది పెద్ద టీచరమ్మ. ఆవిడ దేశంలో బడి నడిపి రిటైరయిన మనిషి, డెబ్భై రెండేళ్ళు. మా కొండలకి రావడం మూడోసారి. మూడుసార్లూ ఒక్క పిట్ట కోసమే. మేం దాన్ని మొండితోక అంటాం. గోధుమరంగు, అగ్గిపెట్టెంత ఉంటుంది, పొద వదిలి బయటికి రాదు. కూత సూదితో గాజు మీద గీసినట్టుంటుంది. ఆవిడ రెండుసార్లూ కూత విన్నది, పిట్టని చూడలేదు. మోకాళ్ళు అయిపోయాయి, ఇక కొండలెక్కొద్దని డాక్టరు చెప్పాడట. బావ ఎన్నడూ ఎవరికీ మాటివ్వనివాడు, ఆవిడకి మాత్రం "ఈసారి చూపిస్తాను" అని ఉత్తరం రాశాడు. చెవులు బాగున్నప్పుడు చూపించలేనిదాన్ని, చెవులు పోయాక చూపిస్తానని!

రెండోరోజే అడిగింది. ఆవిడ భాష నాకు బండి నడపడానికి సరిపడా వచ్చు.

"మీ డ్రైవరు ఖాళీ రోడ్డు మీద ఇండికేటర్ వేస్తాడేం?"

"చాలా క్రమశిక్షణ గల మనిషండీ" అన్నాడు బావ, నా వైపు చూడకుండా.

నా దగ్గు విని జాలిపడి దగ్గుబిళ్ళల డబ్బా ఇచ్చింది. చప్పరించాను. దగ్గుతూనే ఉన్నాను.

అయిదోరోజు ఎనభై మూడో మలుపు దగ్గర కొండచరియ రాళ్ళు పడి దారి సగమే మిగిలింది. మొండితోక ఉండే వాగు సరిగ్గా ఆ పైనే. ఎదురుగా లారీ హారన్ కొడుతోంది. బండి తియ్యాలి.

"నువ్వు రావా?" అన్నాడు బావ. ఆ గొంతు ఇంకా గుర్తే.

"ఎలా వస్తాను బావా? మీరు నడుస్తూ ఉండండి."

ఆయన ఆవిడ చెయ్యి పట్టుకుని మెల్లిగా ఎక్కాడు. నేను జీపుని వెనక్కి, వెనక్కి, జానెడు అంచు మీద నడిపి (ఆ వెనక్కి నడపడం చూసి లారీ డ్రైవరు దణ్ణం పెట్టాడు) ఒక సందులో పెట్టాను. లారీ పోయింది. ఇంజన్ ఆపాను.

కూస్తోంది! బండరాయి మీద కూర్చున్న వాళ్ళిద్దరి వెనకే, చెయ్యి చాపితే అందేంత దూరంలో. ఇద్దరూ వాగు కేసి చూస్తున్నారు. హారన్ కొడితే పిట్ట పోతుంది. కేకేసినా పోతుంది. నాలుగు ఇండికేటర్లూ ఒకేసారి వేశాను. చూసేదెవరు? "బావా, వెనక్కి తిరుగు, నీకు పుణ్యముంటుంది" అని అద్దంతో చెప్పుకున్నాను. పిట్ట మొత్తుకుంటోంది. వీళ్ళు కదలరు. ఇరవై నిమిషాలు.

ఇదివరకు రెండుసార్లూ, కూత వినగానే బావ దాని వైపు అడుగు వేశాడు, అది లోపలికి జరిగింది. ఇప్పుడెవరూ కదల్లేదు. కూత హఠాత్తుగా స్పష్టమైంది, పొదలోంచి బయటికి వచ్చింది. కింద నుంచి నాకు పిట్ట కనబడలేదు. ఆవిడ చెయ్యి నెమ్మదిగా వెళ్ళి బావ మణికట్టు పట్టుకోవడం కనబడింది. పిట్ట ఆవిడ బూటు పక్కన రాయి మీద నిలబడి, ఒళ్ళంతా వణికించుకుందట.

సాయంత్రం బసలో లిస్టు రాయడం మా ఆనవాయితీ. రోజూ పిట్టల పేర్లు చదువుతాడు బావ. "చూసినవి" ఒక గడి, "విన్నవి" ఒక గడి, టీచరమ్మ టిక్కు పెడుతుంది. మొండితోక వచ్చింది. చూసిన గడిలో టిక్కు పడింది.

"అది కూసిందా?" అని అడిగింది.

అవును అంటే అయిపోయేది. బావ చదవడం ఆపాడు.

"తెలీదండీ. నాకు వినబడదు. రెండేళ్ళుగా నా చెవులు ఇతనే" అని నన్ను చూపించాడు. "ఇండికేటర్ అందుకే."

ఆవిడ జుట్టు పక్కకి తీసి, చెవి వెనక నుంచి చిన్న వినికిడి మిషను తీసి బల్ల మీద పెట్టింది. "మూడోరోజే పాడైంది. మీరు జాలిపడతారని చెప్పలేదు" అంది. ఇద్దరూ ఒకళ్ళనొకళ్ళు చూసుకుని, కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వారు. నా వైపు తిరిగి, "నువ్వు విన్నావా?" అని అడిగింది. ఈలవేసి చూపించాను. ఆవిడకి వినబడలేదు, నా పెదాల్ని చూస్తూ తలూపింది. విన్న గడిలో సొంత చేత్తో "డ్రైవర్" అని రాసింది.

ఆ తర్వాత నుంచి బావ ప్రతి అతిథికీ మొదటిరోజే చెప్పేవాడు: "కళ్ళు నావి, చెవులు ఇతనివి." కొందరు వేరే గైడుని వెతుక్కున్నారు. ఎక్కువమంది మాతోనే ఉన్నారు. అలా ఇంకో తొమ్మిదేళ్ళు తిరిగాం.

ఇప్పుడు ఇద్దరం కొండెక్కం. పొద్దున్నే వరండాలో కుర్చీలేసుకుంటాం. నేను ఒకసారి దగ్గితే బావ ఎడమకి చూస్తాడు, రెండుసార్లు దగ్గితే కుడికి. నిన్న లోపల్నుంచి అక్క కేకేసింది. "కుక్కర్ ఎన్ని విజిల్స్ వేసిందో చెప్పండి, మీరు వింటూనే ఉన్నారుగా!"

బావ నా వైపు చూశాడు. కుర్చీ చాటున మూడు వేళ్ళు చూపించాను.

"మూడు!" అన్నాడు, ఠీవిగా.