తుల్సీబాయి తెచ్చిన కట్టుబాటు

కొడకండ్ల అవతలి తండాలో తుల్సీబాయికి రెండు పేర్లున్నాయి. దవాఖాన వాళ్లు ఆశా కార్యకర్త అంటారు. తండా మగవాళ్లు పెళ్లిళ్ల శని అంటారు. ఆ రెండో పేరు చెవిన పడ్డప్పుడే ఆమె ముఖం కాస్త వెలిగేది. తనను చూసి నలుగురు జడుస్తున్నారంటే పని సాగుతున్నట్టేనని ఆమె నమ్మకం.

ఆ పని ఆమెకు ఊరికే పట్టుకోలేదు. మహబూబాబాద్ వైపు తండాలో ఏడో తరగతి చదువుతుండగానే పెళ్లి చేసి ఇక్కడికి పంపారు. పదిహేనేళ్లకు కడుపొచ్చింది. పుట్టిన పిల్ల పాలు నోటికందక ముందే పోయింది. తర్వాతివి నిలవనే లేదు. పాతికేళ్లు నిండకముందే ఒక ప్రైవేటు డాక్టరు కడుపునొప్పికి గర్భసంచి తీసేసి చేతులు కడుక్కున్నాడు. మొగుడు గణపతి పక్కన కూర్చుని ఏడ్చినంత ఏడ్చి, ఏడాది తిరక్కుండా హైదరాబాదుకు మేస్త్రీ పనికి పోయి, అక్కడే ఇంకొకామెతో కాపురం పెట్టాడు. అతన్ని తప్పుపట్టిన మనిషి తండాలో ఒక్కరూ లేరు. పిల్లల్ని కననిదాని దగ్గర ఏ మగవాడుంటాడని కన్నతల్లే అన్నది. తుల్సీబాయి ఆ మాట మరిచిపోలేదు, క్షమించనూ లేదు.

ఆశాగా చేరాక ఆ కోపాన్నంతా పనిలో పెట్టింది. ఎవరింట్లో పందిరి గుంజలు దిగినా ముందు పిల్ల వయసు అడిగేది. పద్దెనిమిది నిండలేదని తెలిస్తే ఆ ఇంటి ముందు నిలబడే అధికారులకు ఫోను కొట్టేది. తిట్లు తిన్నది. ఒకసారి ఆమె గుడిసె మీద రాళ్లు పడ్డాయి. వారం వారం ఈడొచ్చిన పిల్లలను అంగన్‌వాడీ దగ్గర కూర్చోబెట్టి రక్తం పట్టే ఐరన్ గోలీలు మింగించి, నోరు తెరిపించి చూసేది. తల్లిదండ్రులకు మాత్రం ఒకటే పాఠం. చిన్నపిల్లకు కడుపొస్తే దవాఖాన వాళ్లే పోలీసులకు చెప్తారు, పిల్లగాడు జైలుకు పోతాడు, అతని వెనకే మీరూ పోతారు. బుజ్జగిస్తే వినే జనం కాదని ఆమెకు తెలుసు. భయపెడితే వింటారు. విన్నారు కూడా.

తండా నాయకుడు రాంజీకి మొదట్లో ఆమె పొడ గిట్టేది కాదు. అతని మనవరాలు పదహారేళ్లకు కాన్పులో పోయింది. దినాలు కాగానే ముసలాయన తనే నసాబ్ పెట్టించాడు. నసాబ్ అంటే తండా పెద్దల పంచాయతీ. పద్దెనిమిది నిండకుండా పిల్లకు పెళ్లి చేసిన ఇంటికి తండాలో ఎవరూ నిప్పు ఇవ్వకూడదు, నీళ్లు ఇవ్వకూడదు, ఆ ఇంటి పిల్లను పెళ్లికి అడగకూడదు అని తీర్పు చెప్పాడు. తుల్సీబాయి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇన్నేళ్లూ తను అరిచి సాధించలేనిది ముసలాయన ఒక్క మాటతో తేల్చాడు.

అప్పుడు మగవాళ్లు ఇంకో మాట కలిపారు. పెళ్లి ఆపితే పిల్లలు చెడిపోతారు, కాబట్టి పెళ్లికాని పిల్లకు కడుపొచ్చిన ఇంటికి కూడా అదే శిక్ష. ఇది సరికాదని తుల్సీబాయికి అక్కడే అనిపించింది. పైకి అంటే మొదటి తీర్పు కూడా చెడుతుందని నోరు మూసుకుంది. ఆ రోజు ఆమె మూసుకున్న నోటికి ఎవరు ఏం చెల్లించాలో ఎవరికీ తెలియదు.

కొన్నేళ్లు అంతా బాగానే నడిచింది. చిన్నపిల్లల పెళ్లిళ్లు ఆగాయి. ఆడపిల్లలు బస్సెక్కి జనగామ కాలేజీకి పోవడం మొదలుపెట్టారు. జిల్లా మీటింగుల్లో ఈ తండా పేరు చెప్పి చప్పట్లు కొట్టించారు. అలా కాలేజీకి పోయినవాళ్లలో ఆటో నడిపే జాల్యా పెద్దకూతురు పూజ ఒకతె. పదహారు దాటి పదిహేడు నడుస్తోంది. గోలీలు మింగని పిల్లలకు నచ్చజెప్పే పని తుల్సీబాయి ఆమెకే అప్పగించేది. తనకు ఒక పిల్ల బతికి ఉంటే ఇలాగే ఉండేదని పైకి అనేది కాదు గానీ అనుకునేది.

రఘునాథపల్లి వైపు నుంచి కాలేజీకి వచ్చే ప్రకాశ్ అనే పిల్లగాడితో పూజకు స్నేహమైంది. స్నేహం ఎందాకా పోయిందో తెలిసేసరికి ఆ పిల్లగాడు హైదరాబాదు చేరి ఫోను కట్టేశాడు. పాత రోజుల్లో అయితే పెద్దమనుషులు కూర్చుని వారంలో ముడిపెట్టేసేవాళ్లు. ఇప్పుడు పెళ్లి చేస్తే మొదటి కట్టుబాటు. చేయకపోతే రెండోది.

శ్రావణంలో తీజ్ వచ్చింది. పెళ్లికాని పిల్లలు బుట్టల్లో మట్టి పోసి గోధుమలు చల్లి, తొమ్మిది రోజులు పూటపూటా నీళ్లు మోసుకొచ్చి పోసి మొలకలు పెంచే పండగ. అన్ని రోజులూ ఉప్పూకారం లేని తిండే. బుట్ట పట్టని పిల్లను ఎందుకు పట్టలేదని అడుగుతారు. పట్టి మధ్యలో వదిలితే తండాకు అరిష్టమని ఇంటి మీదికే వస్తారు. పూజ బుట్ట పట్టింది. వదులు చున్నీ కప్పుకుని, బిందె నెత్తిన పెట్టుకుని, అందరితోపాటు పాడుతూ తిరిగింది.

పండగ సగంలో బోరింగు దగ్గర ఆమె బిందె దించి కూలబడటం తుల్సీబాయి చూసింది. అంగన్‌వాడీ వెనక్కి తీసుకుపోయి కనురెప్ప కిందికి లాగి చూస్తే లోపల సున్నం కొట్టినట్టుంది. తర్వాత పొట్ట మీద చెయ్యి వేసింది. ఇంక అడగవలసింది ఏమీ మిగల్లేదు. నాకు ముందే ఎందుకు చెప్పలేదని మాత్రం అడిగింది.

"కట్టు పెట్టిచ్చింది నువ్వేనాయె అత్తా," అన్నది పూజ. "నీకెట్ల చెప్పాలె?"

తుల్సీబాయి నేరుగా జాల్యా ఇంటికి పోయింది. తల్లిదండ్రులిద్దరికీ అప్పటికే తెలుసు. పొద్దున్నే జనగామ పెద్ద దవాఖానకు పోదాం, పిల్ల ఒంట్లో రక్తం లేదు, డాక్టర్లు చూస్తారు, పోలీసులు వచ్చినా పిల్లను ఏమీ చేయరు, నేను పక్కనే ఉంటానని చెప్పింది. జాల్యా తల అడ్డంగా ఊపాడు.

"ఇన్నేండ్లు పోలీసులొస్తరని బెదిరిచ్చింది నువ్వే. ఇప్పుడు పోలీసులొస్తె ఏం గాదంటే ఎట్ల నమ్మాలె తుల్సక్కా?"

పూజ తల్లి తుల్సీబాయి కాళ్లు పట్టుకుంది. పండగ మధ్యలో బుట్ట వదిలి ఊరు దాటితే తండా అంతటికీ తెలిసిపోతుంది, కులం నుంచి తీసేస్తారు, చిన్నది కళావతి బతుకు కూడా మన్నయిపోతుంది, పండగ ఒడవగానే నువ్వు చెప్పిన చోటికల్లా వస్తామని ఏడ్చింది. ఈ లోపల పిల్లకు ఏ మందూ పోయవద్దని ఒట్టు వేయించుకుని తుల్సీబాయి ఒప్పుకుంది. ఎవరింటి పెళ్లికైనా వెనకాముందు చూడకుండా ఫోను కొట్టిన మనిషి ఆ పూట ఫోను తీయలేదు. పూజ మీద ప్రేమ వల్ల కొంత. తన తండాకు వచ్చిన మంచిపేరు వల్ల కొంత. ఏది ఎక్కువో ఆమె తూచుకోలేదు.

ఒట్టు నిలవలేదు. మండలంలో సూదులు వేస్తూ డాక్టరని చెప్పుకునే ఒకడి దగ్గర పూజ తల్లి మందు తెచ్చింది. ఇంట్లోనే కడుపు పోతే దవాఖానా ఉండదు, పోలీసులూ ఉండరని ఆ అమాయకురాలి ఆశ. తీజ్ బుట్టల నిమజ్జనానికి ముందు రోజు మింగించింది. మర్నాడు పిల్లలంతా బుట్టలెత్తుకుని వరుసగా నడుస్తుంటే పూజ కాళ్ల వెంట రక్తం దిగింది. తుల్సీబాయి పరుగెత్తి తన శాలువా ఆమె నడుముకు చుట్టి, ఉపవాసాలకు కళ్లు తిరిగాయని అందరికీ వినబడేలా చెప్పి, జాల్యా ఆటోలో ఎక్కించింది. నూట ఎనిమిదికి ఫోను చేస్తానంటే జాల్యా ఫోను గుంజుకున్నాడు. వాళ్లు అన్నీ రాసుకుంటారన్నాడు. ఆటో గతుకుల్లో ఎగిరినప్పుడల్లా పిల్ల అమ్మా అనేది. కాసేపటికి అనడం మానేసింది. జనగామ దారిలో దేవరుప్పుల ఊరు కూడా ఇంకా రాలేదు.

జాల్యా పత్తిచేను పక్కన ఆటో ఆపి వెనక్కి తిరిగి చూశాడు. కూతురి ముఖం మీద చెయ్యి పెట్టాడు. తర్వాత ఆటోను తండా వైపు తిప్పాడు. దవాఖానకే పోనీయమని తుల్సీబాయి గొంతు చించుకుంది.

"సచ్చినంక డాక్టరెందుకు?" అన్నాడు. "పోలీసులకు చూపియ్యనీకా?"

పొద్దు గూకకముందే పూడ్చేశారు. కానీ శాలువా అంచు కింద రక్తాన్ని ఒకరిద్దరు చూశారు. చూసినవాళ్లు ఊరుకుంటారా? దినాలు కాగానే రాంజీ నసాబ్ పిలిచాడు. పిల్లకు కడుపు ఉన్నదా లేదా తేల్చాలన్నాడు. తన మనవరాలి కోసం ఏడ్చిన ముసలాయనే, పక్కింటి పిల్ల కోసం కొలబద్ద పట్టుకుని కూర్చున్నాడు.

జాల్యా లేచి నిలబడ్డాడు. ఎవరి వైపూ చూడకుండా, ఖాళీ కడుపున తుల్సీబాయి గోలీలు మింగించింది, వేడి చేసి రక్తం పోయింది, అంతే అన్నాడు. జనమంతా ఆమె వైపు తిరిగారు. ఆడవాళ్ల మధ్య పూజ తల్లి కొంగు నోట్లో కుక్కుకుని కూర్చుంది. ఆమె ఒళ్లో తలపెట్టుకుని పద్నాలుగేళ్ల కళావతి తుల్సీబాయినే చూస్తోంది. నిజం చెప్తే ఈ పిల్లకు రేపటి నుంచి ఈ తండాలో గుక్కెడు నీళ్లు పుట్టవు. ఔనా తుల్సీ అని రాంజీ అడిగాడు.

"ఔను బాపు," అన్నది. "నా గోలీలే."

ఆ సాయంత్రమే అంగన్‌వాడీలో ఉన్న గోలీలన్నీ మోరీలో కలిశాయి. మళ్లీ ఏ పిల్లా ఆమె ముందు నోరు తెరవలేదు. దవాఖాన నర్సు రజని వచ్చి, ఆ గోలీలకు మనిషి చావదు, అసలు సంగతి చెప్పమని ఎంత గదమాయించినా తుల్సీబాయి పలకలేదు. జాల్యా ఎదురుపడితే తల పక్కకు తిప్పుకుని పోయేవాడు. మేలు చేసిన మనిషి ముఖం చూడటం ఎంత కష్టమో అతన్ని చూస్తే తెలిసేది.

మాఘంలో ఒక కబురు వచ్చింది. ఇంట్లో ఆడపిల్లను పెట్టుకుంటే ఏమవుతుందో పెద్దదానితో చూశానని, జాల్యా చిన్నదాన్ని భూపాలపల్లి వైపు బంధువుల తండాకు చేర్చాడట. అక్కడే పెళ్లి. కట్టుబాటు ఈ తండాది కాబట్టి ఆ తండాలో చేస్తే తప్పు లేదని రాంజీ కూడా సరేనన్నాడట. తుల్సీబాయికి ఒళ్లు మండిపోయింది. ఏ పిల్ల కోసం పూజ చావును నెత్తిన వేసుకున్నదో ఆ పిల్లనే తీసుకుపోయి అదే గుంతలో దింపుతున్నారు. ఈసారి ఫోను కొట్టింది. పిల్లను గుర్తుపట్టడానికి అధికారుల జీపులో తనూ పోయింది.

పందిట్లో అడుగుపెట్టగానే జాల్యా కూతురి ఆధార్ కార్డు తెచ్చి చూపించాడు. దాంట్లో వయసు ఎప్పుడో మార్పించాడు. ఈ పిల్లకు పద్నాలుగే, నా చేతుల మీద పెరిగిందని తుల్సీబాయి అరిచింది. అధికారి కళావతినే అడిగాడు. పిల్ల బెదరలేదు. పద్దెనిమిది నిండాయన్నది, పెళ్లి తనకు ఇష్టమేనన్నది.

"ఈమె మా అక్కను సంపింది సార్," అన్నది తర్వాత. "అందరి ముంగట ఒప్పుకున్నది. ఈమె ఉన్న తండల నేనుండ. ఏడికన్న పోత."

నిజమేనా అన్నట్టు అధికారి తుల్సీబాయి వైపు చూశాడు. ఆమె పూజ తల్లి వైపు చూసింది. ఆ తల్లి తల వంచుకుంది. ఇంక దాచి ఎవరిని కాపాడాలి? తుల్సీబాయి అందరూ వింటుండగా చెప్పేసింది. గోలీలు కావు, మీ అక్కకు ఐదో నెల, మీ అమ్మ తెచ్చిన మందుకు పోయింది, మీ నాయన ఆటో తిప్పేశాడు, నీకు అన్యాయం కావద్దని నేను మీద వేసుకున్నాను. చెప్పడం అయ్యాక, ఇప్పటికైనా ఈ పిల్ల తన దగ్గరికి వస్తుందని ఒక్క క్షణం నిజంగానే అనుకుంది.

కళావతి తల్లిని చూసింది. తల్లి కొంగు ముఖం మీదికి లాక్కుంది. నాయనను చూసింది. అబద్ధమన్నాడు జాల్యా.

"సంపింది సాలదా అత్తా?" అన్నది కళావతి. "సచ్చినంక గూడ దాని ఇజ్జత్ తీస్తున్నవా?"

ఆ పిల్ల తనే నడిచిపోయి పెళ్లిపీట మీద కూర్చుంది. అధికారి ఆధార్ కార్డును ఇంకోసారి అటూఇటూ తిప్పి చూసి జాల్యాకు ఇచ్చేశాడు. చీకటి పడితే అడవిదారి కష్టమని డ్రైవరు తొందరపెడుతుంటే తుల్సీబాయి వెళ్లి జీపులో వెనక సీట్లో కూర్చుంది.