‘సవరించడమైనది’ అని నేను రాసిన నోటీసు

మా బ్యాంకు వాళ్లు ఎక్కడ నలుగురు కలిసినా ఈ కథ చెబుతారు. నరసాపురం బ్రాంచికి ఒక లేసుల ముసలావిడ వచ్చిందట. కంప్యూటర్ ముందు నిలబడి, "నా పేజీకి డబ్బులు కోశారు, ఏదీ నా పేజీ చూపించండి" అని పట్టుబట్టిందట. మేనేజర్ గారు నవ్వి, ప్రింటర్‌లోంచి ఒక కాగితం చింపి ఇస్తే కళ్లకద్దుకుని వెళ్లిపోయిందట. మొన్న ఒకరి రిటైర్మెంట్ భోజనాల్లో మా పాత క్యాషియర్ సత్యం ఇదే చెప్పి అందర్నీ నవ్వించాడు. నేను తింటున్న బూరె విస్తట్లో పెట్టేసి, "పేజీ అడిగిన మాట ఒక్కటే నిజం, మిగతాదంతా నీ వంట" అన్నాను. ఆవిడ ముసలిది కాదు. అప్పటికి యాభై కూడా నిండలేదు. కాగితం ఎవరూ ఇవ్వలేదు. ఆవిడ కళ్లకద్దుకోనూ లేదు. పైగా ఆ కథలో సత్యం పాత్ర ఒకటుంది, అది తనెప్పుడూ చెప్పడు. నా పాత్ర ఇంకా పెద్దది. అది నేనైనా చెప్పాలి కదా.

అది 2001. నేను నరసాపురంలో కరెంట్ అకౌంట్ల కౌంటర్‌లో స్పెషల్ అసిస్టెంట్‌ని. అంటే గుమస్తాకి ఎక్కువ, ఆఫీసరుకి తక్కువ. చెక్కులు పాస్ చేసే సంతకం ఉంటుంది, నిర్ణయం చేసే అధికారం ఉండదు. కరెంట్ అకౌంట్ అంటే వ్యాపారస్తుల ఖాతా. రోజుకెన్నిసార్లయినా వేసుకోవచ్చు, తీసుకోవచ్చు. వడ్డీ రాదు. పైగా ‘ఫోలియో చార్జీ’ అని బ్యాంకే ఎదురు వసూలు చేస్తుంది. ఫోలియో అంటే లెడ్జర్‌లో ఒక పేజీ. పాత రోజుల్లో మేం బరువైన లెడ్జర్లలో చేత్తో రాసేవాళ్లం. మీ పద్దులతో ఎన్ని పేజీలు నిండితే అన్ని పేజీలకి ఆరు నెలలకోసారి రుసుము. కాగితం ఖర్చు, రాసిన చెయ్యి ఖర్చు. ఇది ఎవరికి చెప్పినా అర్థమయ్యేది.

ఏడాది ముందు మా బ్రాంచికి కంప్యూటర్లొచ్చాయి. లెడ్జర్లు వెనక గదిలోకి వెళ్లాయి. పేజీలు పోయాయి. ఫోలియో చార్జీ మాత్రం పోలేదు. అది ఎందుకు పోలేదో మేం ఎవరం ఎవర్నీ అడగలేదు.

అడిగింది కరుణమ్మ గారు. గోదావరి అవతల సఖినేటిపల్లి వైపు నుంచి పంటు మీద రేవు దాటి వచ్చేవారు. నలభై మంది ఆడవాళ్లకి దారం పంచి, వాళ్లు అల్లిన లేసులు పోగుచేసి, ఇక్కడి ఎగుమతి వ్యాపారికి ఇచ్చేవారు. ఆయన చెక్కు ఇస్తే ఆ డబ్బులోంచి దారం కొట్టుకీ, ఆడవాళ్ల కూలికీ సర్దేవారు. మొదట ఆవిడకి మామూలు సేవింగ్స్ ఖాతా ఉండేది. "ఇన్ని చెక్కులు తిరిగితే ఇది వ్యాపారం కిందికి వస్తుంది, కరెంట్ అకౌంట్‌కి మారండి" అని మార్పించింది నేనే. అప్పుడు లెడ్జర్‌లో ఆవిడ పేరు గుండ్రంగా రాసింది కూడా నేనే.

ఆ ఏప్రిల్‌లో ఆవిడ స్టేట్‌మెంట్ తీసుకుని వచ్చి, ఒక గీత మీద వేలు పెట్టారు.

"ఇదేంటండి మేడమ్ గారూ, ఫోలియో అని కోశారు?"

"పేజీలకండి. ఎప్పుడూ కోసేదేగా."

"ఎప్పుడూ కోసేదేనండి, నేను కాదన్లేదు. మీరు అంత పుస్తకం ఎత్తి, పేజీ తిప్పి రాస్తుంటే నేనిక్కడ నిలబడి చూసేదాన్ని. ఇప్పుడు పుస్తకమేదండి?"

"కంప్యూటర్‌లో ఉందండి."

"అందులో నా పేజీలెన్నున్నాయో చూపించండి మరి, లెక్కెట్టుకుంటాను."

నేను మాటకి తడుముకునే మనిషిని కాను. కాలేజీ రోజుల నుంచీ ఎదుటివాళ్లు నోరు తెరిచేలోపు నా సమాధానం సిద్ధంగా ఉంటుంది. ఆరోజు మాత్రం స్క్రీన్ కిందికీ పైకీ జరిపాను. పేజీ ఎక్కడ మొదలవుతుందో, ఎక్కడ ముగుస్తుందో నాకే తెలియలేదు. మేనేజర్ గారి దగ్గరికి వెళితే, "ఇన్ని పద్దులు ఒక పేజీ కింద లెక్కమ్మా, ఊహించుకోవాలి" అన్నారు. అదే వచ్చి చెప్పాను.

"ఊహించుకునే పేజీకి డబ్బులు కూడా ఊహించుకుంటే పోదాండి?" అన్నారు కరుణమ్మ గారు.

వెనక లైన్లో బియ్యం వ్యాపారులు నవ్వారు. వాళ్ల ఖాతాల్లోనూ కోత పడింది, వాళ్లెవరూ అడగలేదు. నాకు కోపం వచ్చింది, ఆవిడ మీదో, వాళ్ల మీదో, స్క్రీన్ మీదో తెలియదు. "కాగితం మీద రాసివ్వండి, పై ఆఫీసుకి పంపుతాను" అన్నాను. అక్కడే బల్ల మీద కూర్చుని, ఒక్క తప్పు లేకుండా రాసిచ్చారు. నేను కవరులో పెట్టి పంపాను. జవాబు రాలేదు.

ఆగస్టులో జవాబు కాదు గానీ, సర్క్యులర్ వచ్చింది. ఫోలియో రేటు పెరిగింది. ఖాతాలో కనీసం ఉంచాల్సిన నిల్వ పెరిగింది. అంతకన్నా తగ్గితే జరిమానా. నాలుగు పేజీల ఇంగ్లీషు. "మన ఊళ్లో తెలుగులో పెట్టాలమ్మా, నువ్వు బి.ఏ. తెలుగు కదా, రెండు వాక్యాల్లో రాసెయ్యి" అన్నారు మేనేజర్ గారు. నేను రాశాను. నా అక్షరాలు బాగుంటాయని నాకు గర్వం కూడాను.

‘ఖాతాదారులకు మనవి. ఈ అర్ధ సంవత్సరం నుండి కరెంట్ ఖాతాల ఫోలియో తదితర రుసుములు సవరించడమైనది. గమనించ ప్రార్థన.’

సర్క్యులర్‌లో ‘రివైజ్డ్’ అని ఉంది. ఆఫీసు తెలుగులో రివిజన్‌కి సవరణ అంటాం. బస్సు చార్జీలైనా, కరెంటు చార్జీలైనా, ఏది పెరిగినా పేపర్లో ‘సవరణ’ అనే పడుతుంది. ‘పెంచాం’ అని రాయడం మొరటుగా ఉంటుందనుకున్నాను. అంతకు మించి ఆలోచించలేదు.

సెప్టెంబరులో కరుణమ్మ గారు వచ్చి ఆ నోటీసు చదివారట. నేనారోజు సెలవు. ఆవిడ క్యాష్ కౌంటర్ దగ్గరికి వెళ్లి, "ఫోలియో సంగతి సవరించారటగా అండి?" అనడిగారట. మా సత్యం నోట్లు లెక్కపెడుతూ తల ఎత్తకుండా, "ఆయ్, సవరించేశారండి" అన్నాడట. ఇదీ సత్యం చెప్పని ముక్క.

ఆవిడ సంతోషంగా రేవు దాటి వెళ్లిపోయారు.

ఆ అక్టోబరులో ఆవిడకి పెద్ద ఆర్డరు ఉంది. బల్ల గుడ్డలు, డిసెంబరు మొదటివారంలోపు అందించాలి. అందిస్తే నలభై మంది చేతికీ క్రిస్మస్‌కి ముందు కూలి వస్తుంది. వాళ్లలో సగానికి పైగా ఆవిడ వెళ్లే చర్చివాళ్లే. పిల్లల బట్టలు, ఇంటి సున్నం, కేకు, అన్నీ ఆ కూలి మీదే. ఖాతాలో ఉన్నదంతా లెక్క చూసుకుని, దారం కొట్టు కామేశ్వరరావు గారికి చెక్కు రాసిచ్చారు. అంతకుముందు సెప్టెంబరు ముప్ఫైన మా కంప్యూటర్ కొత్త రేటు ప్రకారం కోసుకుంది, జరిమానాతో సహా.

చెక్కు వేరే బ్యాంకు నుంచి క్లియరింగ్‌లో నా ముందుకే వచ్చింది. క్లియరింగ్ అంటే ఊళ్లో బ్యాంకులు ఒకరి చెక్కులు ఒకరు మార్చుకోవడం. నూటయాభై రూపాయల దాకా తక్కువ పడింది. పాత రోజుల్లో అయితే మేనేజర్ గారు చెక్కు మూల పొట్టి సంతకం పెట్టి, "వస్తుందిలే, పాస్ చెయ్యి" అనేవారు. నేను లేచి వెళ్లి అడిగాను.

"ఇప్పుడు కుదరదమ్మా. రూపాయి తక్కువున్నా సాయంత్రానికి పై ఆఫీసుకి రిపోర్టు పోతుంది. ఫోన్ చేసి వేయించుకోమను."

ఆవిడకి ఫోన్ లేదు. ఏటి అవతల ఉన్నారు. చెక్కులు వెనక్కి పంపే టైము దాటిపోతోంది. చెక్కుతో వెనక్కి పంపే మెమోలో ‘తగినంత నిల్వ లేదు’ అన్న గడిలో టిక్కు పెట్టి సంతకం చేశాను. పర్సులో నావి రెండొందలున్నాయి. అవి ఆవిడ ఖాతాలో వేసి ఉండొచ్చు కదా అని ఇంటికెళ్లాక తోచింది.

మూడో రోజు కరుణమ్మ గారు ఆ మెమో పట్టుకుని వచ్చారు. అరవలేదు. అరిస్తే నేనూ అరిచేదాన్ని, సరిపోయేది.

"నేనేం తప్పు చేశానండి?"

"నిల్వ చాల్లేదండి. చార్జీలు పెరిగాయి. నోటీసు పెట్టాం కదా."

"నోటీసు చూసే రాశానండి చెక్కు. రండి, మీరే చదవండి."

బోర్డు దగ్గరికి తీసుకెళ్లారు. నేను రాసిన వాక్యం నేనే పైకి చదివాను.

"సవరించామని రాశారా లేదా?"

"సవరించడమంటే పెంచడమండి ఇక్కడ."

"ఎక్కడండి ఇక్కడ? మా పిల్లలు అల్లేటప్పుడు గొలుసు తప్పు పడితే, అక్కడిదాకా విప్పి సవరిస్తాం. సవరించానూ అంటే తప్పు పోయిందని. ఏప్రిల్లో నేను కాగితం రాసిచ్చాను. మీరు పైకి పంపారు. తప్పు తెలుసుకుని సవరించారు కామోసనుకున్నాను. ఇంటికెళ్లి మా వాళ్లతో చెప్పాను కూడానండి, బ్యాంకువాళ్లు మర్యాదస్తులని."

మేనేజర్ గారు బయటికొచ్చి, "సవరణ అంటే మార్పు అమ్మా" అన్నారు.

"మార్పంటే ఎటండి? కిందికా, పైకా?"

ఆయన నా వైపు చూశారు. నేను నోటీసు వైపు చూశాను. బి.ఏ. తెలుగు, ఫస్ట్ క్లాస్. పైకో కిందికో చెప్పని వాక్యం రాసి, కింద ప్రార్థన ఒకటి.

ఆవిడకి అప్పుడు కావలసింది నా పశ్చాత్తాపం కాదు, దారం. చెక్కు తిరిగొచ్చాక కామేశ్వరరావు గారు సరుకు ఆపేశారు. భోజనం టైములో నేనూ ఆవిడతో కొట్టుకి వెళ్లాను. ఆయన మంచి మనిషే, కుర్చీ వేయించారు.

"ఆవిడ తప్పు లేదండి, మా నోటీసులో పొరపాటు" అన్నాను.

"సంతోషమండి. ఆ మాటే మీ బ్యాంకు కాగితం మీద రాసి, ముద్దరేసి ఇప్పించండి. రేపు మా బ్యాంకులో నన్నడిగితే నేనేం చూపించను?"

"నోటి మాట చాలదాండి?"

"మేడమ్ గారూ, మీరే నోటి మాట మీద చెక్కులు పాస్ చెయ్యడం మానేశారు. నేను చిన్న కొట్టువాణ్ణి."

తిరిగొచ్చి మేనేజర్ గారిని అడిగాను. "తప్పు మనదని రాసిస్తే రేపు ప్రతివాడూ వస్తాడు. రాసినది నువ్వు కాబట్టి నీ మీదికే వస్తుంది, ఆలోచించుకో" అన్నారు. నేను ఆలోచించుకున్నాను. అక్కడే నా ధైర్యమంతా తెలిసిపోయింది. ఊరందరితో వాదించేదాన్ని, ఆ ఒక్క కాగితం రాయలేకపోయాను. నా పేరుతో రాసివ్వనా అంటే, మీ పేరు నాకెందుకండి, ముద్ర కావాలి అంటారు కామేశ్వరరావు గారు. అలా అని నాకు నేనే చెప్పుకుని ఊరుకున్నాను. నిజానికి ఆయన్ని అడిగి చూడలేదు.

కరుణమ్మ గారు చేబదుళ్లు పోగుచేసి, రొక్కం పెట్టి దారం కొనేసరికి పన్నెండు రోజులు పట్టింది. ఆ పన్నెండు రోజులూ నలభై సూదులు ఖాళీగా ఉన్నాయి. ఆర్డరు ఆలస్యంగా వెళ్లింది. ఎగుమతి వ్యాపారి తీసుకున్నాడు గానీ, డబ్బు కొత్త సంవత్సరం దాటాక ఇచ్చాడు. క్రిస్మస్‌కి ఎవరికీ కూలి అందలేదు. చర్చిలో అందరూ ఆవిడ వైపు ఎలా చూశారో నాకు తెలియదు. ఆవిడ చెప్పలేదు.

ఈ కేసు నాకు నేర్పింది ఒకటుంది. ఆ తర్వాత రిటైరయ్యేదాకా నేను రాసిన ఏ నోటీసులోనూ ‘సవరించడమైనది’ అని రాయలేదు. ‘పెంచాం. ఇంతుండేది, ఇంతయింది’ అని రాశాను. ఇద్దరు మేనేజర్లు కొట్టేశారు, ఒకాయన ఉంచారు. నేర్పనిది కూడా ఒకటుంది.

జనవరిలో పై ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది, ఏప్రిల్ నాటి ఫిర్యాదుకీ, అక్టోబరు గొడవకీ కలిపి. ‘రుసుములు నిబంధనల ప్రకారం సక్రమముగానే వసూలు చేయబడినవి’ అని మొదటి పేరా. ‘అయినను ప్రత్యేక సందర్భముగా పరిగణించి సదరు మొత్తమును తిరిగి జమ చేయవలసినది’ అని రెండో పేరా. కరుణమ్మ గారు ఖాతా మూసెయ్యడానికి వచ్చిన రోజు ఆ ఉత్తరం చూపించాను. నాకు కాస్త సంతోషంగానే ఉంది, గెలిచాం అన్నట్టు.

ఆవిడ రెండుసార్లు చదివారు.

"సరిగ్గానే తీసుకున్నామంటున్నారు, మళ్లీ ఇచ్చేస్తున్నామంటున్నారు. అర్థం కాలేదండి."

"నాకూ అర్థం కాలేదండి" అన్నాను.

"ఆ పైన పేరా తీసేసి, కింద పేరా ఒక్కటే రాసుంటే మా వాళ్లకి చూపించుకునేదాన్నండి" అని, మూసివేత ఫారం మీద సంతకం పెట్టి, మిగిలిన డబ్బు లెక్కపెట్టుకుని రేవుకి వెళ్లిపోయారు. సత్యం కథలో కాగితం కళ్లకద్దుకుని వెళ్లిన ముసలావిడ ఈవిడే.

ఆ ఉత్తరం రాసినవాళ్లు ఎవరో, ఏ సీట్లో కూర్చునేవారో నాకు తెలియదు. ఎక్కడైనా ఇది చదువుతుంటే ఒక్క మాట చెప్పండి. ఆ రుసుము న్యాయమైనదే అయితే ఆవిడకెందుకు వెనక్కిచ్చారు? కాకపోతే, ఆరోజు ఆవిడ వెనక లైన్లో నవ్విన వాళ్లందరికీ ఎందుకివ్వలేదు?