దసరా మర్నాటి గేరు చప్పుడు

రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన మరుసటి చలికాలం నేను హైదరాబాదు కాలేజీ నుంచి సెలవులకు వచ్చేసరికి, మా పెద్దనాయన కారు గేరు మారినప్పుడల్లా వరంగల్లు బజారులో సగం దుకాణాలు తల తిప్పి చూస్తున్నాయి. పిండిగిర్నీలో రాళ్లు పోసినంత చప్పుడు. పెద్దనాయన జంపఖానాల వ్యాపారి, నలుగురిలో మాట పడటం అలవాటు లేని మనిషి. అందుకని ఆ చప్పుడుకు ఒక దోషిని వెతికి పెట్టుకున్నాడు: పదకొండేళ్లుగా ఆ కారు నడుపుతున్న డ్రైవరును.

"దున్నపోతు చెయ్యి నీది. సోమవారం సంది వేరేటోడు వస్తడు" అని, సరుకు తెచ్చిన నేతగాళ్ల ముందే అన్నాడట. నేను ఊళ్లో దిగింది శనివారం.

అప్పటికే హన్మకొండ మిస్త్రీ ఒకడు వచ్చి గేరు డబ్బాలో కొత్త నూనె పోశాడు. ఫలితం లేక, "గేరన్న మార్చాలె, చెయ్యన్న మార్చాలె" అని తీర్పు చెప్పి పోయాడు. పెద్దనాయనకు రెండోది సులువుగా తోచింది.

కాలేజీ వాదసభల్లో నాకొక దురలవాటు అబ్బింది. ఎదుటివాడు రుజువు లేకుండా దాటేసిన మెట్టు దగ్గర నేను ఆగిపోతాను. ఇంట్లో అందరూ ఎవరి వల్ల అని అడిగారు. ఎప్పటి నుంచి అని ఒక్కరూ అడగలేదు. ఆదివారం పొద్దున దుకాణం ముందు కారు తుడుస్తున్న డ్రైవరును నేను అడిగాను.

"దసరా మర్నాటి సంది, చిన్న సేటూ" అన్నాడు తల ఎత్తకుండా.

"పదకొండేండ్లు మంచిగున్న చెయ్యి ఒక్క రాత్రిల దున్నపోతు చెయ్యి ఎట్లయిందన్నా?"

"నన్నడిగితే ఏమొస్తది? అన్నోళ్లనడుగు."

ముందు ఇంజను ఆపి ఉంచి గేర్లు వెయ్యమన్నాను. ఒకటి, రెండు, మూడు, వెనక గేరు, అన్నీ వెన్నలో వేలు దిగినట్టు దిగాయి. అంటే పళ్లచక్రాలు బాగున్నాయి, చెయ్యీ బాగుంది. తర్వాత ఇంజను వేసి, క్లచ్ తొక్కి అదే చేయించాను. కారు కేక పెట్టింది. ఎట్లాగో మొదటి గేరు పడ్డాక, క్లచ్ మీది కాలు తియ్యవద్దన్నాను. కదలకుండా నిలవవలసిన బండి మెల్లగా ముందుకు పాకింది. క్లచ్ తొక్కితే ఇంజనుకూ గేరు డబ్బాకూ పొత్తు తెగాలి. ఇక్కడ తెగడం లేదు. తిరుగుతున్న పళ్ల మీదికి ఎవరి చెయ్యి తోసినా ఆ చప్పుడే వస్తుంది.

వంగి చూశాను. డ్రైవరు ఉత్త కాళ్లతో కూర్చున్నాడు. ఆయన పాదాల కింద రెండు మడతలు వేసిన కొత్త జంపఖానా ఉంది. ఏటా దసరాకు మగ్గం దిగిన మొదటి జంపఖానాకు పసుపు కుంకుమ పెట్టి గద్దె మీద పరచడం మా దుకాణం ఆచారం. ఆ ఏడు పెద్దనాయన దాన్ని కారులో పరిపించాడు, ఎక్కిన అధికారులందరూ మా సరుకు చూడాలని. క్లచ్ పెడలు ఆ మడతల మీదికి వచ్చి ఆగిపోతున్నది. అడుగుకు ఇంకా రెండు వేళ్ల ఎడం మిగిలే ఉంది.

"ఇది నీకు తెల్వదా అన్నా?"

"తెల్వకేం? మర్నాడే సేటుకు చెప్పిన. 'నీకు చాతగాక పూజ చేసిన బట్ట మీద నింద వేస్తవా' అన్నరు. ఇగ నోరు మూసుకున్న."

నాకు ఒళ్లు మండింది. జంపఖానాను లాగి, చుట్టి, చంకన పెట్టుకున్నాను. డ్రైవరు మళ్లీ క్లచ్ తొక్కాడు. ఈసారి గేరు పడిన సంగతి కూడా వినబడలేదు.

ఇంతలో పెద్దనాయన గడపలోకి వచ్చాడు. వెనకే గుమాస్తాలు, సరుకుతో వచ్చిన నేతగాళ్లు.

"దాన్నెవడు తియ్యమన్నడు?"

"నీ కారే తియ్యమన్నది, పెద్దనాయినా. చెవి పెట్టి విను."

"పట్నంల నిన్ను చదివిపిస్తున్నది పెద్దోళ్లకు ఎదురు చెప్పెతందుకా?"

"పెద్దోళ్లు తప్పు చెప్పినప్పుడు చెప్పెతందుకే. రేపు నీ కొత్త డ్రైవరును ఈ జంపఖానా మీదనే నడపమను. చప్పుడు రాకుంటే నేను కాలేజీ బంద్ చేసి నీ గద్దె కాడ కూసుంట."

గుమాస్తా ఒకడు నవ్వు ఆపుకోలేక దగ్గాడు. పెద్దనాయన వాడిని ఒక చూపు చూసి, వచ్చి వెనక సీట్లో కూర్చున్నాడు.

"సరే, పరవకుండ్రి. కొత్తోన్ని రావద్దని చెప్త. బండి తియ్యి."

గెలిచాననుకున్నాను. డ్రైవరు మాత్రం ఇంజను ఆపి, కిందికి దిగి నిలబడ్డాడు.

"సేటూ, దున్నపోతు చెయ్యి అన్నది వీళ్ల ముందట. వాపస్ తీసుకునేది గూడ వీళ్ల ముందటనే గావాలె. లేకుంటే వచ్చేటోన్ని రానియ్యుండ్రి. నాకు ములుగు తొవ్వల లారీ నడిపే పని దొరుకతది."

నా వాదంలో ఆ మాట లేదు. లోపం ఎక్కడుందో రుజువు చేస్తే చాలనుకున్నాను. ఆయనకు అది సగమే.

"నడిబజార్ల నన్ను నిలబెడతవారా?" అన్నాడు పెద్దనాయన.

"మీరు నన్ను నిలబెట్టిన జాగనే గద, సేటూ."

పెద్దనాయన ఎదుటి దుకాణం కేసి ముఖం తిప్పాడు. అట్లాగే, ఎవరి ముఖం చూడకుండా, "చేతిది తప్పు లేకుండె" అన్నాడు.

"జర గట్టిగనుండ్రి సేటూ, ఎనకున్నోళ్లకు ఇనరాలే" అన్నాడొక ముసలి నేతగాడు.

పెద్దనాయన గట్టిగానే అన్నాడు. అప్పుడు డ్రైవరు తలుపు తీసి తన సీట్లో కూర్చున్నాడు.

నాతో మాత్రం పెద్దనాయన ఆ సెలవులన్నీ మాట్లాడలేదు. కాళ్ల మీద పడి తప్పయిందని అనమని ఇంట్లో ఆడవాళ్లు రోజూ నచ్చజెప్పారు. నేను అనలేదు. ఏ తప్పుకో చెప్పండి, అంటాను అన్నాను. ఈనాటి వరకూ ఎవరూ చెప్పలేదు.