ముంగిస దిగిన దీవి

పోర్టోరికో పక్కన చిన్న దీవిలో మమ్మల్ని దింపేసరికి మిట్టమధ్యాహ్నం. ముళ్లకంప, సున్నపురాళ్లు, ఒక రేడియో టవరు. టవరుకి కాపలా మా డ్యూటీ. నీడ లేదు. మంచినీళ్లు వారానికోసారి పడవలో. మాది కోనసీమ. నర్సు ఉద్యోగానికొచ్చిన అమ్మ వెనకాల అమెరికాలో నేపర్‌విల్ చేరి, పని దొరక్క ఆర్మీలో కలిసినవాణ్ణి. మొదటి రోజే ఇసుక బస్తా కింద పెన్సిలంత పాము కదిలింది. “పామో!” అని తెలుగులోనే అరిచి పార ఎత్తాను.

పాముల డాక్టరమ్మ నా చెయ్యి పట్టుకుంది. ఆమె ఈ పాముల్ని కాపాడటానికి ప్రభుత్వం పంపిన మనిషి, మాకంటే ముందే అక్కడ టెంటు వేసుకుంది.

“విషం లేదు. బల్లుల్ని తిని బతుకుతుంది. పెద్ద దీవిలో వీటిని ముంగిసలు తినేశాయి. మిగిలినవి ఇక్కడే.”

ఎలకల కోసం చెరకుతోటల వాళ్లు ముంగిసల్ని తెచ్చారట. ఎలక తిరిగేది రాత్రి, ముంగిస తిరిగేది పగలు. తెచ్చినవాడి తెలివి తెల్లారినట్టే ఉంది.

మా సార్జెంట్ వాడికి తాత. దళమన్నాక మస్కాట్ ఉండాలట, అంటే అచ్చొచ్చే జంతువు. పక్క క్యాంపుకి మేక ఉంది, మనకి లేకపోతే పరువేం కాను? నీళ్ల పడవలో ముంగిసని తెప్పించాడు. మెడకి ఎర్ర పట్టీ, తాడు.

“ఇది ఇక్కడ వద్దు సార్జెంట్. పాముల్ని బతకనివ్వదు,” అన్నాను.

“తాడుంది కదా. నువ్వు పాములకి పూజ చేసే రకమా?”

“నేను చర్చికి వెళ్లేవాణ్ణి. అది తాడు కొరుకుతుంది.”

“నోరు మూసుకుని టవర్ చూడు.”

వారం తిరక్కుండానే తాడు ముక్క మిగిలింది. నాకు ఒళ్లు మండిపోయింది. వానలు మొదలయ్యేసరికి బస్తాల కింద పాములు కనబడటం మానేశాయి. ఏ రాయి ఎత్తినా తోక ముక్కలే. డాక్టరమ్మ మాతో మాటలు మానేసింది. తిట్టినా బాగుండేది.

ఒక పొద్దున రేడియో ఆపరేటర్ గొంతు: “టవర్ వెనక ఎర్ర పట్టీ. ఓవర్.”

వెంటనే సార్జెంట్: “కాల్చొద్దు. ప్రాణంతో పట్టండి. ఓవర్.”

దగ్గరున్నది నేను. దాని నోట్లో పాము ఇంకా మెలికలు తిరుగుతోంది. కాల్చాను.

సార్జెంట్ పరుగున వచ్చి కాలర్ పట్టుకున్నాడు. “ఆర్డర్ వినలేదా?”

“విన్నాను.”

చేతిమీది ర్యాంకు చార పీకేసి, ఆ రోజు పడవలోనే వెనక్కి పంపేశారు. ఇప్పటికీ వాణ్ణి క్షమించలేదు. చర్చిలో క్షమించే మాట వచ్చినప్పుడు నా పెదవులు కదలవు.

నేను పడవ ఎక్కేముందు డాక్టరమ్మ చచ్చిన ముంగిసని వెల్లకిలా తిప్పింది. పొట్ట పాలతో తడిగా ఉంది. “కడుపుతోనే వచ్చినట్టుంది. ఇక్కడ ఈనింది,” అంది. “పిల్లలు ఎక్కడో ఉన్నాయి. కళ్లు తెరిచి తిరుగుతుంటే నా పాముల పని అయిపోయినట్టే. తెరవకపోతే, పాలు లేక అవి చస్తాయి.”

ఏమైందో నాకు ఎవరూ చెప్పలేదు.

“అంకుల్, ఆర్మీలో ఎవర్నైనా కిల్ చేశారా?” అని మా చర్చి పిల్లలు అడుగుతారు. లేదంటాను. కళ్లు మూస్తే మాత్రం అదే: వేడి సున్నపురాయి మీద పాలు కారుతున్నాయి, చీమలు పట్టాయి, డాక్టరమ్మ మోచేతుల దాకా ముళ్లలో చేతులు పెట్టి ఆ పిల్లల కోసం వెతుకుతోంది.